ఆగని పద్నాలుగో బ్లాకు

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి వెంకటమ్మనహళ్లి క్రాసు దగ్గర ఒక టిప్పర్ తన వైపు రోడ్డు వదిలేసి అవతలి వైపుకు వచ్చింది. ఆ వైపు మోటార్ సైకిల్ మీద వస్తున్నవాడి పేరు నాగరాజ. వయసు ఇరవై తొమ్మిది. సోలార్ పార్కు కంట్రోల్ రూమ్‌లో ప్రోగ్రామర్. టిప్పర్ నంబర్ ప్లేటు నిండా బురద పూసి ఉంది. ఆ తాలూకాలో వాన పడి నాలుగు నెలలైంది. అయినా పోలీసులు యాక్సిడెంట్ అనే రాసుకున్నారు.

చనిపోవడానికి మూడు నిమిషాల ముందు నాగరాజ రోడ్డు పక్కన బండి ఆపి, బెంగళూరులోని ఒక నంబరుకు మెసేజ్ పంపాడు.

"కోడ్‌లో ఏమీ లేదు. వేడెక్కితే ఉంది. పద్నాలుగు చూడండి."

ఆ నంబరు హనుమంతరాయప్పది. ఆయన ఆఫీసు బయట 'విత్తన నాణ్యతా పరిశీలన విభాగం' అని బోర్డు ఉంటుంది. లోపల విత్తనాలు తప్ప అన్నీ ఉంటాయి. ఏటా ఇద్దరు ముగ్గురు రైతులు నకిలీ విత్తనాల మీద ఫిర్యాదు పట్టుకుని వస్తే, వాచ్‌మన్ మజ్జిగ ఇచ్చి పంపేస్తాడు. దేశరక్షణలో ఆ మజ్జిగకు కూడా భాగం ఉందని ఆ రైతులకు తెలియదు.

అదే సాయంత్రం నాలుగింటికి ఏజెంట్ ఓబులేశ్ ఆయన ఎదుట కూర్చున్నాడు.

"పెలికాన్ పేరు విన్నావా?" అడిగాడు హనుమంతరాయప్ప.

"విదేశీ ముఠా. పోర్టుల్లో క్రేన్లు ఆపుతారు, ఆస్పత్రుల్లో కంప్యూటర్లు ఆపుతారు. ఎలా ఆపాలో ఇంకొకరికి అమ్ముతారు."

"ఇప్పుడు పావగడకు వచ్చారు. సోలార్ పార్కులో నలభై బ్లాకులు, రెండు వేల మెగావాట్లు. మిట్టమధ్యాహ్నం అదంతా ఒక్క సెకనులో ఆగిపోతే దక్షిణాది గ్రిడ్ తట్టుకోలేదు. ఆపి, మళ్లీ తామే ఆన్ చేసి, కొనేవాడికి చూపించబోతున్నారు. డెమో. ఈ శుక్రవారం పన్నెండు నలభైకి."

"ఎవరు చెప్పారు?"

"సింధుశ్రీ. పార్కు సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. పెలికాన్ మనిషి. మనకు వార్తలిస్తుంది."

"నమ్మొచ్చా సార్?"

"రెండేళ్లుగా నమ్ముతున్నాం."

"నేనడిగింది అది కాదు సార్."

హనుమంతరాయప్ప ఆ మాట వినిపించుకోలేదు. నాగరాజ మెసేజ్‌ను టేబుల్ మీద తిప్పి పెట్టాడు. "వేడెక్కితే ఉంది అంటే ఏమిటి?"

ఓబులేశ్ ఈ నిఘా బ్యూరోలో చేరకముందు ఐదేళ్లు కోడ్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ ఇంజన్ల మీదే పని చేశాడు. అతను చెప్పడం మొదలుపెట్టాడు.

"జావాస్క్రిప్ట్ ఇంజన్ సార్. పార్కులో ఒక్కో బ్లాకుకు ఒక్కో కంప్యూటర్ ఉంటుంది, అన్నీ దాని మీదే నడుస్తాయి. ఇంజన్ మొదట కోడ్‌ను అడుగడుగూ చదువుకుంటూ, ప్రతిదీ సరిచూసుకుంటూ పోతుంది. నిదానం. ఒకే ఫంక్షన్, అంటే కోడ్‌లో ఒక ముక్క, వేలసార్లు తిరిగిందనుకోండి, అది హాట్ అయిందని గుర్తిస్తుంది. దాన్ని నేరుగా మెషీన్ కోడ్‌గా కంపైల్ చేస్తుంది. ఇప్పటిదాకా అంకెలే వచ్చాయి కాబట్టి ఇకమీదా అంకెలే వస్తాయని ఊహించి కొన్ని తనిఖీలు తీసేస్తుంది. అందుకే అంత వేగం."

"రోజూ ఎక్కే టీచరమ్మను చూసి కండక్టర్ అడక్కుండానే టికెట్ కొట్టినట్టు."

"అంతే సార్. ఇంజన్‌లో ఏదో లోపం ఉంది. తీయకూడని తనిఖీ కూడా తీసేస్తోంది. పెలికాన్ దూరింది అక్కడే. మామూలుగా చదివితే కోడ్‌లో తప్పేమీ కనబడదు. కంపైలైన రూపంలోనే బాంబు ఉంటుంది."

"అన్నీ ఆపేసి మళ్లీ మొదలుపెడితే?"

"ఆపిన క్షణమే పేలేలా పెట్టి ఉంటారు. నేనైతే అలాగే పెడతాను."

హనుమంతరాయప్ప ఇంకో కాగితం తీశాడు. మూడు వారాలుగా పెలికాన్ చిన్న చిన్న ట్రయల్స్ చేసింది. మధ్యాహ్నం పూట బ్లాకులు ఒక్క సెకను ఆగి మళ్లీ నడిచాయి. బ్యూరోకు రహస్యంగా సాయం చేస్తున్న నాగరాజ వాటన్నిటినీ రాసి పంపాడు. ప్రతి బ్లాకూ కనీసం రెండుసార్లు ఆగింది. పద్నాలుగో బ్లాకు ఒక్కసారి కూడా ఆగలేదు.

"వాళ్ల మనిషి అక్కడున్నాడు. తన చోటు మాత్రం కాపాడుకున్నాడు," అన్నాడు హనుమంతరాయప్ప. "ఆ బ్లాకులో ప్యానెళ్లు కడిగేది పన్నెండు మంది ఆడవాళ్లు. మేస్త్రీ పేరు ఓబక్క. బలసముద్రం."

ఓబులేశ్ ఆ కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. "మా అక్క సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నాను."

స్టోర్‌లో అతనికి ట్యాబ్‌లు రిపేరు చేసే కిట్టు ఇచ్చారు. అందులో ఒక చిన్న స్క్రీన్ ఉంది, పార్కు నెట్‌వర్క్‌కు తగిలిస్తే ఏ ఇంజన్ లోపల ఏం జరుగుతోందో చూపిస్తుంది. ఒక టార్చి కూడా ఇచ్చారు. ఇదేం చేస్తుందని అడిగితే, వెలుగుతుందని చెప్పారు.

*

"ఏమప్పా ఓబులేశా, అక్క బతికుండాదో సచ్చిందో చూసిపోదామని వచ్చినావా?"

బుధవారం పొద్దున ఓబక్క తమ్ముణ్ణి పలకరించిన తీరు అది. తిడుతూనే పీట వేసింది, రాగి ముద్ద పెట్టింది, శెనక్కాయ పచ్చడి వేసింది. అతను మంగళవాడలో పుట్టి, అమ్మ పోయాక ఈ అక్క చేతి ముద్ద తినే పెరిగాడు. ఇప్పుడు ఆమె మీద నిఘాకు వచ్చి అదే ముద్ద తింటున్నందుకు అతనికి సిగ్గేసింది.

"పార్కులో ట్యాబులు బాగుచేసే పని దొరికిందక్కా. వారం ఉంటా."

"బెంగళూరులో పని లేకపోయెనా?"

"ఉండాదిలే. ఇది కూడా ఉండాది."

ఓబక్క వాళ్ల నాలుగెకరాల శెనక్కాయ చేను పార్కుకు పోయింది. అది ఇప్పుడు పద్నాలుగో బ్లాకు. ఒకప్పుడు కలుపు తీసిన చోటే ఆమె ఇప్పుడు అద్దాలు కడుగుతోంది. ఆమె మొగుడు కొల్లప్ప గొర్రెలు అమ్మేసి లైను గ్యాంగులో చేరాడు. టవర్లెక్కి కరెంటు తీగలు సరిచేసే పని.

కొల్లప్ప చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "రేపు ఎనిమిదో టవర్ ఎక్కాల మేము. నలుగురం. పన్నెండుకు లైన్ క్లియర్ ఇస్తారు."

లైన్ క్లియర్ అంటే లైనులో కరెంటు తీసేశాం, ఎక్కొచ్చు అని కంట్రోల్ రూమ్ ఇచ్చే మాట.

"కింద ఎర్త్ రాడ్లు వేస్తారు కదా బావా?"

"యాడివప్పా? కాంట్రాక్టరు ఇంకో సైటుకు ఎత్తకపోయినాడు. అడిగితే రేపు మాపు అంటాడు. లైన్ క్లియర్ ఇచ్చినాక కరెంటు యాడనుంచి వస్తాది, ఏం భయంలే."

ఎర్త్ రాడ్ ఉంటే పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోతుంది. లేకపోతే మనిషిలోంచి పోతుంది. డెమో శుక్రవారం, టవర్ ఎక్కేది గురువారం. ఓబులేశ్ మనసులోనే రోజులు లెక్కపెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

*

కంట్రోల్ రూమ్‌లో అందరి చొక్కాల మీదా ఎర్రమట్టి ఉంది. సింధుశ్రీ చీర మీద మాత్రం మడత కూడా నలగలేదు. చెవులకు చిన్న ముత్యాలు, ముంజేతికి సన్నటి వాచీ, ఆమె లేచి నడిస్తే ఇద్దరు ఆపరేటర్లు రీడింగులు తప్పు రాసుకున్నారు. ఓబులేశ్ ట్యాబ్ పట్టుకుని ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లాడు.

"ఈ ఏడు శెనక్కాయ ఎట్లుంది మేడం?"

"పూత బాగుంది. ఊడ ఇంకా దిగలేదు," అందామె తలెత్తకుండా. సంకేత వాక్యం సరిపోయింది. తరువాత గొంతు తగ్గించింది. "శుక్రవారం పన్నెండు నలభై. మార్పు లేదు."

"నాగరాజ?"

ఆమె వేళ్లు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగాయి. "మంచి కుర్రాడు. తొందరపడ్డాడు."

"పద్నాలుగో బ్లాకు ఎందుకు ఆగడం లేదు?"

"ఆ బ్లాకు లెక్క రోజూ తప్పుగా వస్తుంది. ఎవరో కావాలనే పాడుచేస్తున్నారు." సింధుశ్రీ మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. "మీ అక్కగారినే అడగండి."

ఆమెకు ఆ చుట్టరికం ఎవరూ చెప్పలేదు. బయటకు వచ్చాక కూడా ఓబులేశ్‌కు ఒళ్లు చల్లగానే ఉంది, ఎండ నలభై డిగ్రీలున్నా.

*

గురువారం పన్నెండుకు ఐదు నిమిషాల ముందు అతను పద్నాలుగో బ్లాకుకు వెళ్లాడు. ట్యాబ్ చూస్తానని అడిగితే ఓబక్క చేతులు తడిగా ఉన్నాయని కొంగుతో పట్టుకుని ఇచ్చింది. చేతులు ఎప్పుడూ తడిగా ఉంటాయి కాబట్టి ఆ ట్యాబుల్లో టైపు చేయరు. ఒక్కో వరస కడగ్గానే నోటితో అంకె చెబితే ట్యాబ్ రాసుకుంటుంది.

అతను లాగ్ తెరిచాడు. రోజులు వెనక్కి తిప్పాడు. ప్రతి రోజూ ఒకటే.

లాభం, 2, 3, 4, 5...

"అక్కా, ఇదేంది? ఒకటి యాడ?"

"ఒకటి అంటారా ఎవరన్నా? కల్లంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి శేరుకి ఏమంటారు? లాభం. లాభం, రెండు, మూడు. మర్చిపోయినావా? ఇది మా చేను. పైన అద్దాలు పెట్టినారని కొలత మారుతాదా?"

"ఇట్ల చెప్పొద్దని ఎవురూ అనలేదా?"

"ఆ సూపర్‌వైజరు రోజూ అంటాడు. లెక్క తప్పొస్తాదంట. రానీ. మా నాయన ఒకటి అని యాపొద్దూ కొలవలేదు, నేను కొలవను."

ఓబులేశ్ అక్కడే ప్యానెల్ నీడలో కూలబడ్డాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అక్క ముఠా మనిషి కాదు. అక్క వల్లే ముఠా అక్కడ ఓడిపోతోంది.

వరసల లెక్కా, ఇన్వర్టర్ల రీడింగూ ఒకే ఫంక్షన్ గుండా పోతాయి. మిగతా బ్లాకుల్లో దానికి తెల్లారినప్పటి నుంచీ అంకెలే అందుతున్నాయి. ఇంజన్ వాటిని నమ్మి, తనిఖీలు తీసేసి కంపైల్ చేస్తోంది. పద్నాలుగులో పొద్దున్నే అంకె రావలసిన చోట ఒక మాట వస్తోంది. జావాస్క్రిప్ట్ దాన్ని కాదనదు, తీసుకుంటుంది. కానీ ఇంజన్‌కు తన ఊహ తప్పని తెలిసిపోతుంది. కంపైల్ చేసినదాన్ని అక్కడికక్కడే పారేసి, మళ్లీ అడుగడుగూ సరిచూసే పద్ధతికి దిగుతుంది. డీఆప్టిమైజేషన్ అంటారు. తరువాత మళ్లీ కంపైల్ చేసినా ఆ రోజుకు మునుపటంత గుడ్డిగా నమ్మదు, తనిఖీలు ఉంచుకుంటుంది. పెలికాన్ బాంబుకు అక్కడ చోటు ఉండదు.

అతను పక్కనున్న పదిహేనో బ్లాకు కంప్యూటర్‌కు కిట్టు తగిలించాడు. మెమరీ మొత్తం కాపీ తీశాడు. బాంబు ఎక్కడుందో ఇప్పుడు తెలుసు కాబట్టి, దాన్ని ఎవరు పట్టుకున్నారో చూడాలి. ఇంజన్ మెమరీలో ఒక నియమం ఉంది. ఏ వస్తువునైనా ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి. ఎవరూ పట్టుకోనిదాన్ని గార్బేజ్ కలెక్టర్ వచ్చి ఊడ్చేస్తుంది. మూడు వారాలుగా ఈ బాంబును ఊడ్చలేదంటే ఏదో ఒక చెయ్యి దాన్ని పట్టుకునే ఉంది.

అతను ఒక్కో లింకూ వెనక్కి పట్టుకుంటూ పోయాడు. చివరికి ఒక టైమర్ దొరికింది. స్క్రీన్ మూలన ఎండ ఎంతుందో చూపించే చిన్న వాతావరణం ప్రోగ్రాం దాన్ని పట్టుకుని ఉంది. రాసినవారి పేరు సింధుశ్రీ. టైమర్‌లో తేదీ గురువారం. సమయం పన్నెండు నలభై.

ఈ రోజే.

కనెక్షన్ తెగితే ఆ క్షణమే పేలేలా దాని పక్కనే ఇంకో టైమర్ ఉంది. అతను ఊహించినట్టే. బాంబు చేసేవి రెండే పనులు. మొదట అన్ని బ్లాకులూ ఆపుతుంది. ఐదు సెకన్ల తరువాత అన్ని లైన్లలోకీ కరెంటు వదులుతుంది, మూసి ఉంచిన ఎనిమిదో టవర్ లైనుతో సహా.

వాచీ చూసుకున్నాడు. పన్నెండు ఇరవై రెండు.

ఎనిమిదో టవర్ అక్కడికి పదకొండు కిలోమీటర్లు. ప్యానెళ్ల చుట్టూ తిరిగిపోవాలి, బండి మీద అరగంట. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. వైర్‌లెస్ ఉంది, అది సింధుశ్రీ కూర్చున్న గదిలోంచే పోతుంది. ఒక్క మాట వినబడితే ఆమె పన్నెండు నలభై దాకా ఆగదు.

"అక్కా."

అతని మొహం చూసి ఓబక్క చేతిలోని పైపు కింద పడేసింది.

"బావ టవర్ మీద ఉండాడు. పన్నెండు నలభైకి ఆ లైన్లో కరెంటొస్తాది. ఎట్లని అడగొద్దు. నువ్వు ట్యాబులో లాభం అంటావే, అది నలభై బ్లాకుల్లో అందరూ అనాల. ఒక్కసారి అంటే చాలు. ఇప్పుడే."

ఎవరికీ చెప్పకూడదన్న బ్యూరో నిబంధన అక్కడితో మంటగలిసింది. ఓబులేశ్‌కు ఆ క్షణంలో నిబంధన గుర్తే రాలేదు.

ఓబక్క అడగలేదు. ట్యాబ్ లాక్కుంది. మేస్త్రీలందరికీ ట్యాబుల్లో ఒక వాయిస్ గ్రూపు ఉంది. నీళ్ల ట్యాంకరు ఏ బ్లాకుకు ఎప్పుడు వస్తుందో చెప్పుకోవడానికి వాళ్లే పెట్టుకున్నారు. కంట్రోల్ రూమ్‌లో దాన్ని ఎవరూ వినరు. ఆడవాళ్లు నీళ్ల గురించి మాట్లాడుకునేది వినే అలవాటు ఆఫీసులకు లేదు.

"అమ్మా, అక్కల్లారా, నేను ఓబక్కను మాట్లాడతాండా. మా ఆయన వాళ్లు టవరెక్కినారు. నాకు పొద్దున్నుంచీ ఎడమ కన్ను అదురుతాండాది. ఒకటి అని మొదలుపెట్టిన లెక్క కలిసిరాదు. మీకు దండం పెడతా, లెక్క ఆపి, లాభం అని ఒక్కసారి చెప్పి మళ్లీ మొదలుపెట్టండమ్మా. కారణం అడగొద్దండి. మీ ముత్తైదుతనం సాక్షిగా చెప్పండి."

కిట్టు స్క్రీన్ మీద బాంబున్న బ్లాకులు ముప్పై తొమ్మిది ఎర్ర చుక్కలు, పద్నాలుగు ఒక్కటే పచ్చ చుక్క. ఓబులేశ్ వాటినే చూస్తున్నాడు.

ఏడో బ్లాకు పచ్చబడింది. తరువాత ఇరవై రెండు, ఇరవై మూడు. ఎవరో గ్రూపులో, "అయ్యో, చెప్పినాంలే ఓబక్కా, భయపడొద్దు," అన్నారు. ఇంకెవరో, "మాకూ అదే అనిపిస్తాది, వీళ్ల అంకెలు వీళ్లూ," అన్నారు. కల్లంలో గింజలు కొలిచిన చేతులే అన్నీ. ఏ ఒక్కరికీ లాభం అంటే ఏమిటో చెప్పాల్సిన పని పడలేదు. పన్నెండు ముప్పై నాలుగుకు ఎర్ర చుక్కలు పదకొండు. ముప్పై ఆరుకు నాలుగు. ముప్పై ఏడుకు ఒకటి.

ఆ ఒక్కటీ ముప్పై ఒకటో బ్లాకు. ఎనిమిదో టవర్ లైను ఆ బ్లాకుదే.

"ముప్పై ఒకటి మేస్త్రీ ఎవరక్కా?"

ఓబక్క ట్యాబ్ కిందికి దించింది. "ఎల్లక్క."

"చెప్పమను!"

"అది నా మాట ఇనదప్పా. మూడు నెలలాయె మాటల్లేక. ట్యాంకరు కాడ నేనే... నీ మొగానికి నీళ్లొకటి తక్కువైందా అన్నా. అందరి ముందరా అన్నా."

పన్నెండు ముప్పై ఎనిమిది. గ్రూపులో ఇరవై గొంతులు ఒకేసారి ఎల్లక్కను పిలుస్తున్నాయి. ఎల్లక్క వింటోంది. ఆమె ట్యాబ్ ఆన్‌లోనే ఉంది. జవాబు లేదు.

ఓబక్క మైకు నొక్కింది. ఈసారి గొంతులో బతిమాలడం లేదు, ఏడుపూ లేదు.

"ఎల్లక్కా, నేను ఓబక్కను. ఆ దినం ట్యాంకరు కాడ నేనన్న మాట తప్పు. నీళ్లు నీకే ముందు రావాల, నువ్వే ముందు వచ్చినావు. బిందె తన్నింది కూడా నేనే, ఎవరో తన్నినారని అబద్ధం చెప్పినా. ఇంతమంది ఇంటుండగా చెప్తాండా. నా మీద కోపం నా మీదే పెట్టుకో. నా మొగుడు పైన ఉండాడు తల్లీ."

పన్నెండు ముప్పై తొమ్మిది దాటింది. ఓబులేశ్ స్క్రీన్ మీంచి కన్ను తీయలేదు. ముప్పై సెకన్లు. ఇరవై. అతనికి బావ మొహం గుర్తుకు రావడం లేదు, ఎంత తెచ్చుకోవాలన్నా రావడం లేదు. అది అన్నిటికన్నా భయంగా ఉంది.

పన్నెండు సెకన్లున్నప్పుడు ట్యాబ్‌లోంచి ఒక విసుగు గొంతు వచ్చింది.

"బిందె తన్నింది నువ్వేనని నాకు అప్పుడే తెలుసు." కాస్త ఆగి, "లాభం," అంది.

ఎర్ర చుక్క పచ్చబడింది. నాలుగు సెకన్లు మిగిలాయి.

పన్నెండు నలభై అయింది. పార్కులోని ప్రతి కంప్యూటర్‌కూ ఆ టైమర్ నుంచి ఒక ఆజ్ఞ వచ్చింది. ప్రతి ఇంజన్ దాన్ని నిదానంగా, అడుగడుగూ సరిచూసుకుంటూ చదివింది. నీకు హక్కు లేని చోట రాయమంటున్నావు, కుదరదు అని పక్కన పెట్టింది. ఇన్వర్టర్ల మోత ఆగలేదు.

"ఏమైంది?" అంది ఓబక్క.

"ఏం కాలేదక్కా."

ఆమె నమ్మలేదు. గంట తరువాత లైను గ్యాంగు ట్రాక్టర్ మీద వచ్చేదాకా ఎండలో నిలబడే ఉంది. ట్రాక్టర్ మీద నలుగురున్నారు. కొల్లప్ప దిగి, "నీళ్లియ్యే, నోరెండిపోయె," అన్నాడు. ఓబక్క నీళ్లిచ్చింది. తరువాత వెనక్కి తిరిగి, అప్పటికే కడిగిన వరసను మళ్లీ మొదటి నుంచి కడుగుతూ గట్టిగా ఏడ్చింది. మొగుడికి ఏమీ అర్థం కాలేదు.

*

సింధుశ్రీ మధ్యాహ్నం మూడింటికి వెంకటమ్మనహళ్లి క్రాసులో దొరికింది. పెలికాన్ పంపుతానన్న కారు కోసం నిలబడి ఉంది. కారు రాలేదు. చేతిలో మూడు ఫోన్లు. వాటిలోంచి ఆమె చేసిన నంబర్లేవీ ఇప్పుడు పనిచేయడం లేదు. బ్యూరో జీపు ఆగితే తనే తలుపు తీసుకుని ఎక్కింది. ఆమె చీర అంచుకు మొదటిసారి ఎర్రమట్టి అంటింది.

"నాగరాజను చంపమన్నది మీరా?" అడిగాడు ఓబులేశ్.

"అతను ఏ టైముకు బయల్దేరతాడో చెప్పాను. అంతే." ఆమె కిటికీలోంచి రోడ్డు మీది మరకను చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. "నన్ను విడిపించడానికి ఎవరైనా వస్తారా?"

"మీకు తెలియదా మేడం?"

"తెలుసు," అందామె. "ఎవరూ పట్టుకోనిదాన్ని ఇంజన్ ఎలా ఊడుస్తుందో నాకూ తెలుసు."

అతనికి ఆమె మీద జాలి కలిగింది. ఆ జాలి మీద కోపమూ వచ్చింది. నాగరాజ పెళ్లి కార్డులు అచ్చుకిచ్చాడని ఆ ఉదయమే ఎవరో చెప్పారు.

*

శుక్రవారం సాయంత్రం సూపర్‌వైజర్ మారన్న బలసముద్రం వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, తల వంచుకుని కాగితం చదివాడు. గురువారం నలభై బ్లాకుల లెక్కలూ తప్పాయి. విచారణలో కారణం తేలింది. ఓబక్కను మేస్త్రీ పని నుంచి తీసేశారు. ఇకమీద ట్యాబులు అంకెలు తప్ప ఇంకేమీ తీసుకోకుండా మారుస్తారు.

"పై నుంచి వచ్చిందక్కా. నాదేం లేదు," అని వెళ్లిపోయాడు.

ఓబులేశ్ ఇంటి వెనక్కి వెళ్లి ఫోన్ చేశాడు. "ఒక్క మాట చెప్పండి సార్. మీరు చెబితే ఆ కాగితం చించేస్తారు. ఆమె లేకపోతే గ్రిడ్ లేదు, నలుగురు మనుషులు లేరు."

అవతల హనుమంతరాయప్ప లేచి తలుపు వేసిన చప్పుడు వినబడింది. "గురువారం అక్కడ ఏమీ జరగలేదు ఓబులేశ్. జరగనిదాన్ని ఆపారని ఏమని చెప్పను? ఎవరని చెప్పను?"

"అంకెలే తీసుకునేలా మారుస్తారట సార్. మళ్లీ వాళ్లొస్తే ఈసారి పద్నాలుగో బ్లాకు కూడా ఉండదు."

"ఇంజన్ లోపం గురించి తయారీదార్లకు రాశాం. సరిచేస్తారు."

"ఎప్పుడు?"

"జవాబు రావాలి."

ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చాడు. కొల్లప్ప కంచం ముందు కూర్చుని భార్యనే చూస్తున్నాడు. ఇద్దరి మధ్యా ఏ మాట నడిచిందో, జరిగింది కొల్లప్పకు సగం తెలిసినట్టుంది.

"బామ్మర్దీ, నువ్వు చెప్తేనే ఇది ఆ మాట అన్నిందంట కదా. నువ్వు పోయి ఆఫీసులో చెప్పకూడదా? నీ మాటకు అంత విలువ లేదా యాడా?"

ఓబులేశ్ నోరు తెరిచాడు. ఓబక్క మొగుడి కంచంలో ఇంకో ముద్ద వేసి, తమ్ముడి వైపు చూడకుండా అంది.

"వాణ్ణేం అడుగుతావులే. ట్యాబులు బాగుచేసుకునే పిల్లోడు, వాని మాట ఎవురింటారు? నువ్వు తిను."

మారువేషం ఎక్కడా చెదరలేదని ఓబులేశ్ తన రిపోర్టులో రాసుకున్నాడు.